ఏదడిగినా లేదనే మెలితోన్

మెలితోన్ బాబాయ్‌ని ఏది అడిగినా లేదంటాడు. అతని గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే, చాలామంది దృష్టిలో చివరి సంగతి కూడా ఇదే. భోంచేశారా అంటే లేదు. రాత్రి నిద్ర పట్టిందా అంటే లేదు. తలుపు కొట్టి, "బాబాయ్, ఇంట్లో ఉన్నారా?" అని అడిగితే లోపలి నుంచి "లేను" అని జవాబొచ్చేది. వచ్చినవాళ్లు ఆ లేనివాడు తలుపు తీసేదాకా చలిలో నిలబడేవాళ్లు.

ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎక్కడ నొప్పి అని ఆవిడ అడిగింది. నొప్పి లేదన్నాడు. మరెందుకొచ్చారంటే, మీ గదిలో హీటరు బాగుంటుందని విన్నాను, కాసేపు కూర్చుని పోదామని వచ్చానన్నాడు. ఆ మాట అంటూనే కుర్చీలోంచి కింద పడ్డాడు. పట్నంలో, తెరువేల్ ఆసుపత్రికి తీసుకుపోయి, పొట్ట కోసి, చీము పట్టిన అపెండిక్స్ తీసి పంపించారు. పదిరోజులకు ఊళ్లో దిగి, పట్నంలో చుట్టాలింటికి వెళ్లొచ్చానని చెప్పాడు. ఎవరా చుట్టాలని అడిగితే, తనకు చుట్టాలు లేరన్నాడు.

రోజుకు ఎంత రొట్టె తింటాడో కూడా ఎవరికీ తెలియకూడదు. అందుకని ఊళ్లో కొట్టులో ఒకటి కొని, పక్క ఊరి నుంచి వచ్చే వ్యాను దగ్గర ఇంకొకటి కొనేవాడు. ఇక వాన సంగతి చెప్పనక్కర్లేదు. ఊరంతా కాలవలైపోయి పారుతుంటే, బార్ గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుకుంటూ, తన పొలంలో చినుకు పడలేదనేవాడు.

నిజానికి ఆ ఊళ్లో, అంటే వాల్దెసాబినాలో, నిజం చెప్పేవాళ్లు అసలే తక్కువ. తప్పు మనుషులది కాదు, నేలది. ఆ సున్నపురాతి కొండనేలలో ఓక్ చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని, జానెడు లోతున, ఒక నల్లటి గడ్డ పెరుగుతుంది. అదే ట్రఫుల్. పుట్టగొడుగు జాతిదే, కానీ పైకి రాదు. చూడటానికి మాడిన పిడకముక్కలా ఉంటుంది. వాసనకు మాత్రం దూరదేశాల్లో డబ్బున్నవాళ్లకు మతి పోతుంది. ఒకప్పుడు అడవిలో వెతుక్కునేవాళ్లు. తర్వాత దాని బీజం వేళ్లకు పట్టించిన ఓక్ మొక్కలు తెచ్చి పొలాల్లో నాటడం నేర్చుకున్నారు. నాటాక ఎనిమిదేళ్లో పదేళ్లో ఎదురుచూడాలి. చెట్టు చుట్టూ గడ్డి మాడి నేల బట్టతల అయితే, కింద ఏదో జరుగుతోందని ఆశ. జరుగుతోందో లేదో తేల్చేది కుక్క ముక్కు. అది కూడా చలికాలంలో గడ్డ పండి, వాసన వేసినప్పుడే.

కంటికి కనిపించని పంట. ఎప్పుడు ఎవడొచ్చి ఎత్తుకుపోతాడో తెలియని పంట. అందుకని ఊరంతా అబద్ధం చెబుతుంది. ఫాదర్ గారు సైతం ఆదివారం పూజలో ఆ ఒక్క పాపాన్ని వదిలేసి మిగతా వాటి మీద ప్రసంగించేవారు. అయితే ఆ అబద్ధాలకు ఒక పద్ధతి ఉంది. "ఏదో కొద్దిగా" అంటే బుట్ట నిండిందని. "పోయినేటి కన్నా తక్కువే" అంటే కొత్త ట్రాక్టరు వస్తోందని. "ఈ ఏడు సర్వనాశనం" అంటే సముద్రతీరంలో ఫ్లాటుకు బయానా ఇచ్చొచ్చాడని. ఎవరి అబద్ధాన్ని వాళ్ల కొలతతో విప్పుకుంటే నిజం దొరికేది. మెలితోన్ దగ్గర ఏ కొలతా పనిచేసేది కాదు. ఉన్నా లేదంటాడు, లేకపోయినా లేదంటాడు, అడగకపోయినా లేదంటాడు.

పొలానికి వెళ్లాలంటే కారు తీసుకెళ్లి చర్చి ముందు ఆపి, వెనక సందులోంచి నడిచి పోయేవాడు. పొద్దున్నే చర్చి ముందు ఆ కారు చూసి ముసలాయనకు భక్తి కుదిరిందని ఫాదర్ గారు సంతోషించారు. లోపల వెతికితే మనిషి లేడు. సంగతి బయటపడ్డాక మెలితోన్ కారును శ్మశానం దగ్గర ఆపడం మొదలుపెట్టాడు. మూడురోజులు వరసగా అక్కడే చూసి, ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లు అంత్యక్రియలకు వేసుకునే నల్లకోట్లు ఇస్త్రీకి ఇచ్చారు.

ఇక అతని కుక్క. మంచి ముక్కున్న కుక్కల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఉంటారు కనక, దాని అసలు పేరు ఇంటిగోడలు దాటనిచ్చేవాడు కాదు. వీధిలో రోజుకో పేరుతో పిలిచేవాడు. ఒకరోజు తొందరలో "రొసారియో" అని పిలిస్తే, పోస్టాఫీసులో పనిచేసే రొసారియో వెనక్కి తిరిగి చూసి, ఆరునెలలు అతనితో మాట్లాడలేదు. పాపం ఆ కుక్క అన్ని పేర్లకూ వచ్చేది. అలాగైతే దొంగ ఏ పేరుతో పిలిచినా వెళ్లిపోతుంది కదా అని బార్ నడిపే ఫ్రోయిలాన్ ఒకసారి అడిగాడు. మెలితోన్ కాసేపు ఆలోచించి, ఆ కుక్క తనది కాదన్నాడు.

ఈ ముసలాయన పొలం పక్కనే, నడుమెత్తు రాతిగోడకు అవతల, కసిల్దా పొలం.

కసిల్దా ఈ ఊళ్లోనే పుట్టింది గానీ ఈ ఊరి అబద్ధాలు చదవడం ఆమెకు రాదు. పదిహేడో ఏట తీరప్రాంతానికి వెళ్లి టైల్స్ ఫ్యాక్టరీలో చేరింది. బట్టీలోంచి వచ్చే టైల్స్‌ను వేలితో తట్టి చూడటం ఆమె పని. పగుళ్లుంటే ఉన్నాయనాలి, లేకపోతే లేవనాలి. ఇరవైమూడేళ్లు అలా రెండే మాటలతో బతికింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతికొచ్చిన దాంతో ఊరికి తిరిగొచ్చి, తండ్రి వదిలిన రాళ్లనేలలో మూడొందల ఓక్ మొక్కలు నాటింది. అప్పుడామెకు నలభై. ఇప్పుడు యాభైరెండు.

పన్నెండేళ్లలో చేయనిది లేదు. ఎండాకాలం ట్యాంకరుతో నీళ్లు మోసింది. అడవిపందులు రాకుండా కంచె కట్టింది. వేళ్లు తెగకుండా పైపైనే కలుపు తీసింది. నడుము వంగిపోయింది, చెట్లు ఆమెను దాటి ఎదిగాయి, చుట్టూ గడ్డి మాడింది. గడ్డ మాత్రం లేదు. పక్కవాళ్ల చెట్లు తొమ్మిదో ఏటికే కాశాయని, వాళ్లు ఎంత లేదన్నా, కొత్త ట్రాక్టర్లు చెప్పేవి.

పొలంలో సగం ఆమె తమ్ముడు అబీలియోది. వలెన్సియాలో కార్లకు అద్దాలు బిగిస్తాడు. చెడ్డవాడు కాదు, విసిగిపోయినవాడు. సౌర విద్యుత్ కంపెనీ ఒకటి ఆ కొండవాలు కౌలుకు అడుగుతోంది. వాళ్లు పంచిన కాగితం మీద నల్లటి పలకల కింద గొర్రెలు నవ్వుతూ మేస్తున్నాయి. బడి మూసేసి, బస్సు మానేసి, డాక్టరమ్మను వారానికి రెండురోజులకు కుదించిన ఊరికి నవ్వే గొర్రెల్నయినా ఇస్తామని ముందుకొచ్చినందుకు మునిసిపాలిటీ వాళ్లు ఆ కంపెనీని ఎంతో మెచ్చుకున్నారు. చెట్లు పీకేసి నేల చదును చేసి ఇవ్వాలని షరతు. ఈ చలికాలం చూద్దామక్కా, అప్పటికీ లేకపోతే సంతకం పెట్టేద్దాం అన్నాడు అబీలియో. ఆమె సరేనంది.

అంతకుముందు చలికాలం చివర్లో ఒక వింత జరిగింది. ఒక పొద్దున కసిల్దా పొలానికి వెళ్లేసరికి మెలితోన్ గోడ దాటి వచ్చి, ఆమె చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కుక్క తోకాడిస్తోంది. ఏం చేస్తున్నారు బాబాయ్ అంటే, ఏమీ లేదన్నాడు. చిటికెడు మట్టి తీసి వాసన చూసి, నాలుక మీద వేసుకుని, ఉమ్మేశాడు. నేల సంగతి తెలిసినవాడు ఆ చుట్టుపక్కల అతన్ని మించి లేడు. ఆమె ఆగలేక అడిగింది, ఉందా అని.

"లేదు. నేల చచ్చిపోయింది. పనికిరాని బూజేదో పట్టింది" అన్నాడు.

ఆ మాటతో ఊరుకుంటే వేరు. ఆదివారం పూజ అయ్యాక, బార్లో పేకాట మధ్యలో, ఎవరూ అడగకుండానే మెలితోన్ నోరు విప్పాడు. కసిల్దా పొలం పోయిందన్నాడు. అంతా బూడిదన్నాడు. అడవిపంది కూడా ముక్కు పెట్టడం లేదన్నాడు. అతని నోట వరసగా మూడు వాక్యాలు ఎవరూ విని ఎరగరు. జనం పేకముక్కలు దించి కసిల్దా వైపు చూశారు. ఆమె కాఫీ కప్పులో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది. మర్నాడు పొరుగావిడ వెల్లుల్లి చారు గిన్నెతో వచ్చి, చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు గంటసేపు మాట్లాడకుండా కూర్చుని వెళ్లింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే పాట. ఆమె పొలం చచ్చిపోయిందని ఊరికి గుర్తుచేయకుండా ముసలాయన పేకముక్క వేయడు. అంతటితో ఆగకుండా, ఆమె పొలం దారికి అడ్డంగా ముళ్లకంప తెచ్చి పడేశాడు. ఎందుకని అడిగితే, ఏమీ లేని చోటికి దారెందుకన్నాడు. పొలం చవగ్గా కొట్టేయాలని చూస్తున్నాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. "కొంటారా బాబాయ్?" అని ముఖం మీదే అడిగింది. లేదన్నాడు. వేరే ఎవరైనా అయితే ఆ లేదుకు అర్థం వెతకొచ్చు. ఇతని లేదుకు అడుగు లేదు.

ఆగస్టులో మరీ అయోమయం. నెలన్నరగా ఆకాశంలో మబ్బు లేదు. ఆమె ట్యాంకరు చెడిపోయి వారం. తీరా చూస్తే గోడ పక్క నాలుగు వరసల చెట్ల కింద నేల తడిసి ఉంది. మెలితోన్ తన పొలంలో గొట్టం చుట్టుకుంటున్నాడు. ఇక్కడ తడెలా వచ్చింది బాబాయ్ అని అడిగింది.

"వాన పడింది" అన్నాడు.

వరదలో నిలబడి వాన లేదన్న మనిషి. కసిల్దా ఆకాశం వైపు చూసింది, నేల వైపు చూసింది, గొట్టం వైపు చూసింది. ముసలాయనకు మతి చెడుతోందని నిర్ణయించుకుని, ఇంటికెళ్లి తలనొప్పి మాత్ర వేసుకుంది.

నవంబరులో, ఎందుకైనా మంచిదని, దూరపు బంధువు దగ్గర కుక్కను అడిగి తెచ్చింది. ఆ కుక్క మూడొందల చెట్లూ తిరిగి, పదకొండింటి దగ్గర కాలెత్తి, పన్నెండో చెట్టు కింద పడుకుంది. అబీలియోకు ఫోన్ చేసి చెప్పింది. పోన్లే అక్కా, నువ్వు చేయగలిగినంత చేశావు అన్నాడు.

జనవరి రెండో ఆదివారం బార్లో ఫ్రోయిలాన్ అడిగితే చెప్పింది. గురువారం పొద్దున యంత్రం వచ్చి చెట్లు పీకేస్తుంది, మధ్యాహ్నం నోటరీ దగ్గర సంతకాలు. పక్క టేబుల్ దగ్గర మెలితోన్ చేతిలో తురుపు ఆసు ఉంది. దాన్ని అవతలివాడి పనికిమాలిన రెండు మీద పారేశాడు. నలభై ఏళ్లుగా అతనితో జోడీ కట్టి ఆడుతున్న ముసలాయన ముక్కలు విసిరికొట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆమె వీధిలోకి వచ్చేసరికి వెనకాలే మెలితోన్. నెత్తిన టోపీ లేదు. ఆ చలిలో టోపీ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"తవ్వించకు, అమ్మాయ్."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకూ లేదు."

"నేలలో ఏమన్నా ఉందా?"

అతని పెదవులు విడ్డాయి. గొంతులోంచి ఏదో బయల్దేరి సగం దారిలో ఆగింది. ఎదురింటి బాల్కనీలో రొసారియో బట్టలు ఆరేస్తోంది. అతను అటు చూశాడు.

"లేదు."

"లేనప్పుడు ఆగడం దేనికి?"

"రెండు వారాలు ఆగు."

"రెండు వారాలకు ఏమవుతుంది?"

"ఏమీ కాదు."

కసిల్దాకు ఒళ్లు మండింది. ఏడాదిగా ఆదివారం ఆదివారం తన నేలకు కర్మకాండ చేస్తున్నవాడు, పూడ్చే రోజొచ్చేసరికి అడ్డం పడుతున్నాడు. విసవిసా వెళ్లిపోయింది.

గురువారం పొద్దున నేల మీద మంచు గాజుపొడిలా ఉంది. అబీలియో వచ్చాడు. నేల తవ్వే యంత్రం వేసుకుని దాని డ్రైవరు నసారియో వచ్చాడు. ముళ్లకంప అతనికో లెక్క కాదు, తొక్కించుకుంటూ లోపలికి తెచ్చాడు. చూడటానికి ఊరి నుంచి పదిమంది వచ్చి గోడకు అవతల, జేబుల్లో చేతులు పెట్టుకుని, నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఫ్రోయిలాన్ బార్ మూసి మరీ వచ్చాడు. మనిషి నాశనం చూడటానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ మర్యాదగానే నిలబడతారు.

యంత్రం మొదటి చెట్టు వైపు చెయ్యి చాచేసరికి మెలితోన్ గోడెక్కి దూకాడు. డెబ్భై నాలుగేళ్లవాడు దూకాడనడం కన్నా పడ్డాడనడం నిజం. ఆదివారం కోటు వేసుకున్నాడు. కుంటుకుంటూ వచ్చి, ఆ చెట్టు కింద బట్టతల నేల మీద చతికిలబడ్డాడు. కుక్క వచ్చి పక్కన కూర్చుంది.

నసారియో కిందికి దిగి, లేవండి బాబాయ్, యంత్రం దగ్గర కూర్చోకూడదు అన్నాడు.

"నేను కూర్చోలేదు" అన్నాడు మెలితోన్.

నసారియో అతని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. అన్ని వైపుల నుంచీ కూర్చున్నట్టే ఉన్నాడు.

అబీలియో ముందుకొచ్చి, మా అక్క పొలంలో మీకేం పని అని అడిగాడు. పని లేదన్నాడు. ఈ చెట్ల కింద ఏముందని అడ్డుపడుతున్నారు అన్నాడు. ఏమీ లేదన్నాడు.

"లేకపోతే తవ్వితే మీకేం?"

"తవ్వకూడదు."

"అదే ఎందుకని?"

"లేదు గనక."

నసారియో ఇంజను కట్టేశాడు. ముప్పై ఏళ్లుగా నేల తవ్వుతున్నాను, కింద గొట్టం ఉందని ఆపినవాళ్లున్నారు, సమాధి ఉందని ఆపినవాళ్లున్నారు, ఏమీ లేదని ఆపినవాడు ఈయనే అన్నాడు. గోడ అవతల కొందరు నవ్వారు.

కసిల్దా నవ్వలేదు. వచ్చి ముసలాయన ఎదురుగా మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె చేతుల్ని చూశాడతను. వేళ్ల కణుపులన్నీ వాచి ఉన్నాయి.

"బాబాయ్, పన్నెండేళ్లు మోశాను" అంది మెల్లగా. "ఇంకొక్క గంటలో అయిపోతుంది. తర్వాత మీరు ఏం చెప్పినా నాకు పనికిరాదు. ఒక్కసారి చెప్పండి. ఉందా, లేదా?"

మెలితోన్ గోడ వైపు చూశాడు. పది జతల చెవులు. ఆమె వైపు చూశాడు. ఆ గడ్డకట్టే చలిలో అతని నుదుట చెమట పట్టింది. దవడ అటూ ఇటూ కదిలింది. పెళ్లినాడు ఈమెను చేసుకోవడం ఇష్టమేనా అని ఫాదర్ గారు అడిగినప్పుడు కూడా తల ఊపాడే గానీ నోరు తెరవలేదని, పోయిన అతని భార్య నవ్వుతూ చెప్పేది.

"ఉంది" అన్నాడు.

గుసగుసగా చెబుదామనే అనుకుని ఉంటాడు. కానీ ఆ మాట ఎంత గట్టిగా అనాలో అతనికి అలవాటు లేదు. అది అరుపై వచ్చింది. చెట్ల మీద పిట్టలు ఎగిరిపోయాయి. ఆ గొంతు ఎవరిదో తెలియక కుక్క యజమాని మీదే మొరిగింది.

తర్వాత అంతా కుక్కే చూసుకుంది. మొదటి చెట్టు దగ్గర ముక్కు నేలకు ఆనించి, కాలితో రెండుసార్లు గీకి, ముసలాయన జేబులోని సాసేజ్ ముక్క కోసం తలెత్తి చూసింది. మెలితోన్ తన పొట్టి గునపం కసిల్దా చేతిలో పెట్టాడు. ఆమె తవ్వింది. నాలుగు వేళ్ల లోతున, రాళ్ల మధ్య, కోడిగుడ్డంత నల్లటి గడ్డ. పక్క వరసలో ఇంకొకటి. మొత్తం ఆరు చెట్ల కింద. ఆరోది తీశాక ఆమె లేవలేదు. గడ్డను ముఖానికి ఆనించుకుని, నుదురు నేలకు పెట్టి, భుజాలు కదిలిపోతుండగా ఏడ్చింది.

అబీలియో చేతి తొడుగు తీసేసి ఒక గడ్డ అందుకున్నాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నోటరీకి ఫోన్ చేయడానికి అవతలికి నడిచాడు. నసారియో, తనను ఎవరూ ఏమీ అడగకుండానే, యంత్రం వెనక్కి తిప్పాడు.

జనం వెళ్లిపోయాక కసిల్దా కళ్లు తుడుచుకుని, ఎప్పట్నుంచి తెలుసని అడిగింది. నిరుడు కుక్క గోడ దూకి, ఆ చెట్టు కింద హేజెల్‌నట్ గింజంత గడ్డ చూపించిందట. బీజంగా పనికొస్తుందని దాన్ని నలిపి, మళ్లీ ఆ గుంటలోనే వేసి కప్పేశాడట. ఈ వాలు ఉత్తరం వైపుది, ఇక్కడ ఊరందరి కన్నా ఆలస్యంగా పండుతుంది, నవంబరులో తెచ్చిన కుక్కకు ఏం తెలుస్తుంది అన్నాడు. అప్పటికి "ఉంది" అనే మాట నోటికి తిరిగినట్టుంది, ధారాళంగా మాట్లాడుతున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ ముఖం గాజుపలక, అమ్మాయ్. లోపలేముందో వీధి చివరికి కనిపిస్తుంది. నీకు చెబితే నవ్వుతావు. నువ్వు నవ్వితే తెల్లారేసరికి పొలంలో గునపాలు, పారలు. పండకముందే పెళ్లగించి పోతారు, వేళ్లు తెగితే ఇంకో ఆరేళ్లు ఏమీ రాదు."

"ఊరందరికీ చెప్పారుగా, పొలం చచ్చిపోయిందని. అది చాలదా?"

మెలితోన్ ఆమెను జాలిగా చూశాడు.

"నా మాట ఎవడు నమ్ముతాడే? నేను చెప్పాక వాళ్లు నీ ముఖం చూశారు. నువ్వు నిజంగా ఏడుస్తున్నావు. అది చూసి నమ్మారు." మనస్ఫూర్తిగా అన్నాడు. "చాలా బాగా ఏడ్చావు."

ఏడాదిపాటు ఏడిపించినవాడిని ఏం చేయాలో కసిల్దాకు తెలియలేదు. చేతిలో గునపం ఉంది. దాన్ని పక్కన పెట్టి అతని కోటుకంటిన మట్టి దులిపింది. కాస్త గట్టిగానే దులిపింది.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. పదిమంది చూశారు. పదిమంది విన్నారు. ఆ మూడురోజులూ ఆమె పొలంలోనే తిరిగింది. ఏ మోటారు చప్పుడైనా గోడ దగ్గరికి పరిగెత్తింది. ఎవరూ రాలేదు. ఆదివారం ఇక తప్పక బార్లోకి అడుగుపెట్టింది, అందరూ తన వైపు తినేసేలా చూస్తారనుకుంటూ. అందరూ జాలిగా చూశారు. ఫ్రోయిలాన్ కాఫీ ఇచ్చి, డబ్బులొద్దని ఆమె చెయ్యి నొక్కాడు.

ఆ మూలన మెలితోన్ ఎర్రబడ్డ ముఖంతో నిలబడి టేబుల్ టేబుల్‌కూ చెబుతున్నాడు. కసిల్దా పొలంలో ఉంది, బోలెడుంది, నెలాఖరుకు ఇంకా వస్తుంది అని. జనం నవ్వుతూ తలలూపుతున్నారు. ఆ ఊళ్లో కుక్కను అమ్మేవాడు ముందురోజు పొలంలో నాలుగు గడ్డలు పాతిపెట్టి, కొనేవాడి ముందు కుక్కతో తీయించడం ఎప్పట్నుంచో ఉన్నదే. మెలితోన్ కూడా అదే చేశాడని గురువారం మధ్యాహ్నానికే ఊరు తేల్చేసింది. పట్నం నుంచి వచ్చిన తమ్ముడిని బోల్తా కొట్టించి, ఆ పిచ్చిదాని చెట్లు కాపాడటానికి తన సొంత గడ్డలు ఆరు పాతిపెట్టాడు. లేకపోతే మెలితోన్ ఉందని అంటాడా? సంగతి అర్థమయ్యే కదా పాపం ఆమె నేల మీద పడి అంతలా ఏడ్చింది.

"ఎంత మంచి మనసు బాబాయ్ మీది" అన్నాడు ఫ్రోయిలాన్. "కానీ అబద్ధాలు ఇదివరకే బాగా చెప్పేవారు."

"నిజంరా" అన్నాడు మెలితోన్. బతుకులో మొట్టమొదటిసారి నిజం చెబుతుంటే కొనేవాడు లేడు. "ఒరేయ్, నిజంగా ఉంది. కసిల్దానే చూపించమను."

ఒక్క క్షణం కసిల్దా మనసులో కూడా అనుమానపు పురుగు కదిలింది. పాతిపెట్టాడేమో, ఈయన్ని ఏమని నమ్మేది? కానీ ఆ ఆదివారం పొద్దునే మెలితోన్ కుక్కను తీసుకుని తానొక్కతే పై వరసలోకి వెళ్లింది. అక్కడ తీసిన గడ్డ ఆమె కోటు లోపలి జేబులో, రుమాలులో ఉంది. అది ఒక సున్నపురాయిని మూడు వైపుల నుంచి కరిచి పట్టుకుని పెరిగింది, రాయి ఊడి రాదు. ఎంత మంచి మనసున్న ముసలాయనైనా అలా పాతిపెట్టలేడు.

ముసలాయన ఆశగా ఆమె వైపు చూస్తున్నాడు. బార్ మొత్తం చూస్తోంది. ఆమె వెళ్లి అతని పక్కన కుర్చీలాక్కుని కూర్చుంది. టేబుల్ కింద, మడమతో, అతని బొటనవేలు నొక్కిపట్టింది.

మెలితోన్ ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. సంతోషం కోసం వెతికాడు, లేదు. దుఃఖం కోసం వెతికాడు, అదీ లేదు. సున్నం వేసిన గోడలా ఉంది. ఆ ముఖాన్ని అతను ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పండిన గడ్డను పరీక్షించినట్టు పరీక్షించాడు. అలిగి వెళ్లిన జోడీ మనిషి ఇంకా తిరిగి రాలేదు. పేకముక్కలు కలిపి, సగం ఆమె ముందుకు తోసి, ఆట వచ్చా అని అడిగాడు.